ఫొటోలు కెమెరాలో, బావగారు గుమ్మంలో

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక మేనమామ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

కిందటి నెలలో వాళ్ల అక్క కూతురికి ఓణీల వేడుక చేశారు. ఫొటోగ్రాఫర్ చెప్పిన రేటు విని, "ఆ డబ్బుతో పిల్లకి చెవులకి ఏదైనా చేయిద్దాం, ఫొటోలు నేను తీస్తాగా" అని ఈయనే భుజాన వేసుకున్నారు. 2011లో కొన్న 14 మెగాపిక్సెళ్ల చిన్న డిజిటల్ కెమెరా ఆయనది. మంగళస్నానం దగ్గర్నుంచి పేరంటాళ్ల అక్షింతల దాకా 612 ఫొటోలు తీశారు. తను లంగా ఓణీ పెడుతున్న ఫొటో మాత్రం భార్య తీశారట, అందులో ఈయనకు తల లేదు. వెనకున్న బుల్లి తెర మీద అన్నీ కనిపిస్తున్నాయి. కంప్యూటర్‌లోకి మాత్రం ఒక్కటీ రావడం లేదు.

పాత కంప్యూటర్‌లో విండోస్ 7 ఉండేది, దానికి ఈ కెమెరా బాగానే తగులుకునేది. నిరుడు కొడుకు దాన్ని తీసేయించి విండోస్ 11 ఉన్న కొత్తది పెట్టించాడు. కెమెరాతో వచ్చిన అసలు కేబుల్ ఇల్లు మారినప్పుడు పోయింది. పాత స్పీకర్ తాలూకు కేబుల్ సరిగ్గా సరిపోతే దాన్ని సీపీయూ ముందువైపు పెట్టి చూశారు. చప్పుడు లేదు, ఏమీ లేదు. స్టూడియోకి కార్డు పట్టుకెళితే అక్కడి కుర్రాడు రీడర్‌లో పెట్టి, "ఫార్మాట్ చేయమంటోందండీ, కార్డు పోయింది, ఫార్మాట్ కొడితే బాగవుతుంది" అన్నాడు. ఫార్మాట్ అంటే కార్డులో ఉన్నదంతా తుడిచేయడమే కదా అని ఈయన భయపడి లాక్కుని వచ్చేశారు. ఆ సాయంత్రమే పక్కింటి అబ్బాయి కెమెరా తీసుకెళ్లి, తన హార్డ్ డిస్క్ కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలిపితే టింగుమని మోగి ఫోల్డర్ తెరుచుకుంది. అందులో 9 ఫొటోలే ఉన్నాయి. అవీ ఎప్పుడో 2012 నాటి గోడ, కర్టెన్, పిల్లి. వేడుక ఫొటో ఒక్కటీ లేదు. బెంగళూరులో ఉన్న కొడుకు ఫోన్లో చెబుతూ డ్రైవర్లు, అంటే తగిలించిన వస్తువుతో కంప్యూటర్ మాట్లాడటానికి వాడే ప్రోగ్రాములు, సరిచేసే సాఫ్ట్‌వేర్ ఏదో దింపించాడు. అది తప్పులు 43 ఉన్నాయని చెప్పి, బాగుచేయడానికి 1,900 రూపాయలు కట్టమంది.

ఇదంతా ఒక ఎత్తు. బావగారు ఆఫీసు నుంచి వస్తూ రోజూ గేటు దగ్గర స్కూటరాపి, "ఏమయ్యా, ఫొటోలు?" అంటున్నారు. ఈయన మూడు వారాలుగా "ఎడిటింగ్ జరుగుతోంది బావా" అని నెట్టుకొస్తున్నారు. ఫొటోలు పోయినట్టేనా, ఫార్మాట్ కొట్టేయనా, బావకి నిజం చెప్పనా, ఈ కెమెరాని పారేయనా అని నాలుగు ప్రశ్నలు అడిగారు.

మేనమామ గారూ,

ఫొటోలు పోలేదు. ఇంత ధైర్యంగా చెప్పడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. "నిన్న కూడా కార్డు కెమెరాలో పెట్టి అన్నీ చూసుకున్నాను" అని మూడో పేజీలో రాశారు. కెమెరా చూపించగలుగుతోందంటే కార్డులో రాసిన దాన్ని చదవగలుగుతోందని అర్థం. ఒక్క చిన్న మెలిక ఉంది. ఫొటోతో పాటే దాని చిన్న నకలు ఒకటి అదే ఫైల్లో దాచుతారు. కొన్నిసార్లు అసలు బొమ్మ పాడైనా ఆ చిన్న నకలు తెర మీద బాగానే కనిపిస్తుంది. అందుకని ఇవాళ ఒక పది ఫొటోలు, మొదట్లోవి, మధ్యవి, చివరివి తీసి జూమ్ చేయండి. పిల్ల ముఖం దగ్గరికి వచ్చినా ముక్కు, కళ్లు విడిగా కనబడితే మీరు నిశ్చింతగా అన్నం తినొచ్చు.

తర్వాత కార్డు ఎడమ పక్కన ఉన్న చిన్న ప్లాస్టిక్ గడిని కిందికి, లాక్ అని రాసిన వైపుకి జరపండి. అది వేస్తే కంప్యూటర్ ఆ కార్డు మీద ఏమీ రాయలేదు, తుడవలేదు. కొన్ని చవక రీడర్లు ఆ తాళాన్ని లెక్కచేయవు కాబట్టి తాళం వేశాం కదా అని ఎవరి చేతికి పడితే వాళ్లకి ఇచ్చేయకండి. ఫొటోలు దిగేదాకా ఆ కార్డుతో కొత్త ఫొటో తీయొద్దు, ఉన్నది చెరపొద్దు. ఇంకో మాట, దాన్ని పర్సులో పెట్టుకుని తిరుగుతున్నారట. ప్యాంటు వెనక జేబులో ఉండే పర్సే అయితే మీరు రోజూ 612 ఫొటోల మీద కూర్చుంటున్నారు. ఆ కార్డు మందం 2.1 మిల్లీమీటర్లు. దానికొచ్చిన ప్లాస్టిక్ డబ్బీ లేకపోతే అగ్గిపెట్టెలో పెట్టి బీరువాలో ఉంచండి.

ఇక అసలు చిక్కు. మీరు దీన్ని ఒకే జబ్బు అనుకుంటున్నారు. నాకు మూడు వేర్వేరు సంగతులు కనిపిస్తున్నాయి. మూడూ ఒకే వారంలో వచ్చి మీ మీద పడ్డాయి.

మొదటిది స్పీకర్ కేబుల్. పాత యూఎస్‌బీ కేబుల్‌ని కోసి చూస్తే లోపల నాలుగు సన్నటి తీగలుంటాయి. రెండు కరెంటు మోయడానికి, రెండు సమాచారం మోయడానికి. చార్జింగ్ కోసమే ఇచ్చే చవక కేబుళ్లలో ఆ రెండో జత వేయరు. పైకి పిన్ను అదే, లోపల దారి లేదు. కెమెరా తగిలించినా కంప్యూటర్ చప్పుడు కూడా చేయలేదంటే, అవతల ఏదో ఉందన్న కబురే దానికి అందలేదన్నమాట. అలాంటప్పుడు డ్రైవర్లు, సెట్టింగులు అంటూ కంప్యూటర్ లోపల ఎంత వెతికినా లాభం లేదు. టింగుమని మోగి ఆ తర్వాత "గుర్తుపట్టలేకపోతున్నా" అంటే అది వేరే కథ. అప్పుడు కేబుల్ వదులుగా ఉందా, బ్యాటరీ నీరసంగా ఉందా, డ్రైవర్ చెడిందా అని చూడాలి. మీ ఇంట్లో అంతదూరం రానేలేదు.

కెమెరా కేబుళ్ల సంగతి వచ్చింది కాబట్టి మిగతా పాఠకుల కోసం ఒక్క మాట. ఆ రోజుల్లో ఒక్కో కంపెనీది ఒక్కో దారి. కెనాన్ చిన్న కెమెరాల్లో మామూలు మినీ యూఎస్‌బీ ఉండేది. నికాన్ కూల్‌పిక్స్‌లలో చాలావాటికి బల్లపరుపుగా ఉండే ఎనిమిది పిన్నుల మూతి. సోనీ సైబర్‌షాట్‌లలో కొన్నింటికి వాళ్లకే ప్రత్యేకమైన వెడల్పాటి మూతి. మీ మోడల్ పేరు చెప్పి అడిగితే తప్ప షాపువాళ్లు ఇచ్చేది సరిపోదు. బలవంతంగా దూర్చితే కెమెరా వైపు మూతే విరుగుతుంది. మేనమామ గారిది అదృష్టవశాత్తూ మినీ యూఎస్‌బీ.

రెండోది ఆ తొమ్మిది ఫొటోలు. ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నేనూ తలపట్టుకున్నాను. రెండోసారి చదువుతుంటే మూడో పేజీలో ఈ వాక్యం దొరికింది: "స్టూడియో నుంచి వచ్చినప్పటినుంచీ కార్డు పర్సులోనే ఉంచుకుంటున్నాను, చూసుకోవాలనిపిస్తే కెమెరాలో పెట్టి చూసి మళ్లీ తీసేస్తున్నాను." స్టూడియోకి వెళ్లింది పొద్దున, పక్కింటి అబ్బాయి కెమెరా తీసుకెళ్లింది ఆ సాయంత్రం. అంటే కెమెరా పక్కింటికి వెళ్లిన సమయానికి కార్డు మీ జేబులో ఉంది! చాలా చిన్న కెమెరాల్లో కార్డు కాక లోపల కొద్దిపాటి సొంత మెమరీ ఉంటుంది, పట్టుమని పదీ ఇరవై ఫొటోలు పడతాయి. కార్డు లేకుండా బటన్ నొక్కితే అందులోకి వెళతాయి. 2012లో ఎవరో కెమెరా పనిచేస్తోందా అని గోడనీ, కర్టెన్‌నీ, పిల్లినీ తీసి చూసుంటారు. మొన్న లాప్‌టాప్‌లో తెరుచుకున్నది ఆ మెమరీ. మీ ఫొటోలు అందులో ఎప్పుడూ లేవు కాబట్టి అక్కడ లేకపోవడం కంగారుపడాల్సిన విషయం కాదు. నిజానికి అది మంచి వార్త. కెమెరా మూతి బాగుంది, పక్కింటి అబ్బాయి కేబుల్ సమాచారం మోస్తోంది, ఈనాటి కంప్యూటర్ మీ పాత కెమెరాని గుర్తుపడుతోంది. ఈ మూడూ తేల్చిపెట్టాడు ఆ కుర్రాడు, పాపం ఎవరూ మెచ్చుకోలేదు.

మూడోది స్టూడియో రీడర్. ఇక్కడ నాది అనుమానమే గానీ బలమైన అనుమానం. మీ కార్డు 8 జీబీ అన్నారు, దాని మీద ఎస్‌డీ పక్కన హెచ్‌సీ అక్షరాలు ఉంటాయి చూడండి. ఎస్‌డీ కార్డుల్లో మొదటి తరం 2 జీబీ దాకానే. 4 నుంచి 32 జీబీ దాకా ఉండేవి ఎస్‌డీహెచ్‌సీ, 2006లో వచ్చాయి. ఆకారంలో రెంటికీ తేడా లేదు, కార్డు గాట్లో చక్కగా దిగుతుంది. కానీ అంతకుముందు తయారైన రీడర్‌కి కొత్త తరం భాష రాదు. దానికి అర్థం కాకపోతే కొన్నిసార్లు ఊరుకుంటుంది, కొన్నిసార్లు కంప్యూటర్ "ఇది ఖాళీ డిస్కు, ఫార్మాట్ చేయనా" అని అడుగుతుంది. రీడర్ పిన్నులు తుప్పుపట్టినా ఇదే మాట వస్తుంది. ఆ మాటకి అర్థం "నాకు చదవడం రావట్లేదు" అనే తప్ప "కార్డు చచ్చిపోయింది" అని కాదు. కెమెరా అదే కార్డుని ఆ తర్వాత కూడా చదివిందిగా. మీరు లాక్కుని వచ్చేయడం ఈ మొత్తం వ్యవహారంలో అందరికంటే తెలివైన పని. మీ రెండో ప్రశ్నకి జవాబు ఇక్కడే వచ్చేసింది: కొట్టకండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

పైసా ఖర్చు లేనిది, పక్కింటి అబ్బాయి కేబుల్ మళ్లీ అడగడం. ఈసారి కార్డు కెమెరాలో పెట్టి, టిక్కుమనేదాకా నొక్కి, బ్యాటరీ నిండా చార్జ్ చేసి కలపండి. బ్యాటరీ సగంలో పడిపోతే కాపీ మధ్యలో తెగుతుంది. మీ ఇంట్లోనే చేసేట్టయితే కేబుల్ సీపీయూ వెనకవైపు పెట్టండి. ముందువైపు ఉండేవి మదర్‌బోర్డుకి లోపల ఇంకో వైరుతో కలిసి ఉంటాయి, పెట్టీ తీసీ వదులైపోతాయి. కెమెరాని ఆన్ చేసి ఫొటోలు చూసే మోడ్‌లో ఉంచండి. కొన్ని మోడళ్లు తీసే మోడ్‌లో ఉంటే కంప్యూటర్‌తో మాట్లాడవు. సెట్టింగుల్లో యూఎస్‌బీ అని ఒకటి ఉంటుంది. అది పిక్ట్‌బ్రిడ్జ్ మీద ఉంటే కెమెరా ప్రింటర్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది, మాస్ స్టోరేజ్ గానీ పీటీపీ గానీ ఎంచుకోండి. మాస్ స్టోరేజ్ అయితే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. పీటీపీ అయితే కెమెరా బొమ్మతో కనిపిస్తుంది. తెరిస్తే డీసీఐఎం అనే ఫోల్డర్ ఉంటుంది, ఫొటోలన్నీ అందులోనే. ఏ కంపెనీ కెమెరా అయినా ఆ పేరు మారదు. ఈ దారిలో ఇబ్బందల్లా, ఎక్కడైనా తేడా వస్తే కేబుల్‌దా, కెమెరాదా, కంప్యూటర్‌దా అని మళ్లీ మొదటికి రావాలి.

రెండోది కొత్త కార్డ్ రీడర్ కొనడం. కొన్ని వందల్లో వస్తుంది, పెట్టె మీద ఎస్‌డీహెచ్‌సీ, ఎస్‌డీఎక్స్‌సీ రెండూ రాసి ఉండాలి. దీనితో కెమెరా, కేబుల్, మోడ్, బ్యాటరీ అన్నీ కథలోంచి తప్పుకుంటాయి. నేనైతే ఇదే చేస్తాను, ఎందుకంటే ఈ కెమెరాకి రేపు కూడా ఇదే అవసరం పడుతుంది. కొత్త రీడర్‌లో కూడా ఫార్మాట్ అడిగితే మాత్రం వద్దు అని నొక్కి, కార్డు తీసి, వెనక ఉన్న పసుపు రంగు రేకుల్ని పొడి మెత్తటి బట్టతో ఒక్కసారి తుడిచి మళ్లీ పెట్టండి. పెన్సిల్ రబ్బరు, స్పిరిట్ అక్కర్లేదు.

ఫోన్‌కి తగిలించే ఓటీజీ రీడర్ మూడోది. తొందరగా అయిపోతుంది, ఫోన్లో చోటుంటే. ఒక్కో ఫొటో నాలుగైదు ఎంబీ అనుకుంటే మీవన్నీ కలిపి మూడు జీబీ దగ్గర పడతాయి. దీనితో వచ్చే తంటా ఏమిటంటే, ఫోన్లోకి వచ్చిన మరుక్షణం ఎవరో ఒకరు వాట్సాప్‌లో పంపమంటారు. మామూలుగా పంపితే అది ఫొటోని కుదించి పంపుతుంది. తర్వాత అదే ఫొటోతో ఆల్బమ్ వేయిస్తే ముఖాలు మసకగా వస్తాయి. పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపండి.

ఇంకో స్టూడియోకి వెళ్లొచ్చు కూడా. కొత్త రీడర్ ఉన్నచోట రెండు నిమిషాల పని. కానీ ఆడపిల్ల వేడుక ఫొటోలు మంగళస్నానంతో సహా ఊళ్లో ఎవరి కంప్యూటర్‌లోనో మిగిలిపోతాయి. వాళ్లు మంచివాళ్లే అయ్యుండొచ్చు, అయినా నాకు మనసొప్పదు. తప్పనిసరైతే పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లి, పక్కనే నిలబడి, అందులోకే నేరుగా ఎక్కించుకోండి.

పోయిన ఫొటోలు వెనక్కి తెచ్చే ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ మీకు వాటితో పని పడదనే నా నమ్మకం. జూమ్ చేసినప్పుడు సగం ఫొటో బూడిద రంగులో వస్తేనే వాటి జోలికి వెళ్లండి. వెళితే తిరిగొచ్చిన ఫొటోలని ఆ కార్డులోకే కాకుండా కంప్యూటర్‌లోకి దింపుకోవాలి.

మీ అబ్బాయి దింపించిన సాఫ్ట్‌వేర్ తీసేయండి, 1,900 కట్టకండి. ఆ కుర్రాడిని తిట్టకండి కూడా, దూరం నుంచి అతనికి మీ స్పీకర్ కేబుల్ కనపడదు కదా. ఇలాంటి కెమెరాలు మాట్లాడే పీటీపీ అనేది ఏ ఒక్క కంపెనీ సొంతం కాదు, ఐఎస్‌ఓ 15740 అనే అంతర్జాతీయ ప్రమాణం. విండోస్‌కి అది పుట్టుకతో వస్తుంది, ఎక్స్‌పీ కాలం నుంచీ. కెమెరాతో వచ్చిన సీడీ వెతకనక్కర్లేదు, ఈనాటి కంప్యూటర్లలో దాన్ని పెట్టడానికి చోటే ఉండదు. మంచి కేబుల్ పెట్టాక కూడా పసుపు త్రికోణం కనిపిస్తే, స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరిచి, ఆ త్రికోణం ఉన్న పేరుని అన్‌ఇన్‌స్టాల్ చేసి, కేబుల్ తీసి మళ్లీ పెట్టండి. విండోస్ తనంతట తనే మళ్లీ పరిచయం చేసుకుంటుంది. మీవాడి సాయం కావాల్సింది అక్కడ, అదీ అవసరపడితేనే.

దింపేటప్పుడు కట్ చేయకండి, కాపీ చేయండి. ఫొటోస్ యాప్‌తో తెచ్చుకుంటే "తెచ్చాక పరికరంలోంచి తొలగించు" అని ఒక గడి ఉంటుంది, దాంట్లో టిక్ ఉంటే తీసేయండి. అయ్యాక లెక్క చూడండి, కెమెరాలో 612 ఉంటే ఇక్కడా 612 ఉండాలి. అందులో కొన్ని తెరిచి చూసి, ఇంకో నకలు పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్ డిస్క్‌లోనో పెట్టాకే కార్డు ఖాళీ చేయడం గురించి ఆలోచించండి. అప్పుడు కూడా కెమెరా మెనూలోంచే ఫార్మాట్ చేయండి.

కెమెరా ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ అడుగుతోందని చివర్లో రాశారు, నేను దాటేసి ఓకే కొడుతున్నానన్నారు. బ్యాటరీ తీసినా గడియారం నడిపే బుల్లి బ్యాటరీ ఒకటి లోపల ఉంటుంది, అది అయిపోయింది. దాని ఫలితం రేపు మీకు కంగారు పుట్టిస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను. కంప్యూటర్‌లోకి ఎక్కాక ఫొటోలు కిందటి నెలలో వెతికితే కనపడవు. ఎప్పుడో పదిహేనేళ్ల కిందటి జనవరి 1న తీసినట్టు అట్టడుగున ఉంటాయి. మళ్లీ పోయాయని గుండెలు బాదుకోకుండా కిందికి వెళ్లి చూడండి.

బావగారి విషయం. "ఎడిటింగ్" అన్న మాట ఇంకో వారం నడుస్తుందేమో. నడిస్తే ఎడిటింగ్ ఎలా ఉందో చూడాలని ఆయన నిజంగానే లోపలికి వస్తారు, అప్పుడు ఫొటోలు రాకపోవడం కంటే మూడు వారాల అబద్ధం పెద్దదవుతుంది. ముందు అక్కకి చెప్పడం ఒక దారి. ఆవిడ మీ పక్షమే ఉంటారు గానీ మాట ఆవిడ నోట బావగారికి చేరేసరికి ఏ రూపంలో చేరుతుందో మీ చేతిలో ఉండదు. ఫొటోలు చేతికొచ్చేదాకా ఆగి అప్పుడు చెప్పడం ఇంకోటి. గేటు దగ్గర స్కూటర్ చప్పుడు విని మీరు వెనక గదిలోకి వెళ్లడం మానాలంటే అది కుదరదు. నన్నడిగితే ఇవాళే కెమెరా పట్టుకుని వాళ్లింటికి వెళ్లండి. "బావా, ఫొటోలు భేషుగ్గా ఉన్నాయి, కంప్యూటర్‌లోకి ఎక్కడం లేదు, చెప్పడానికి మొహం చెల్లక ఎడిటింగ్ అన్నాను" అని చెప్పి, బుల్లి తెర మీదే ఓ యాభై చూపించండి. ఆయన రెండు మాటలు అంటారు, పడండి. ఆయన అడుగుతున్నది ఫొటోలని, మీ మీద కేసు పెట్టడానికి కాదు. రీడర్ కొన్నాక దాన్ని వాళ్ల టీవీ యూఎస్‌బీలోనే పెట్టి చూడొచ్చు, చాలా టీవీలు ఇలాంటి ఫొటోలు చదువుతాయి. టీవీ కూడా ఒక్కోసారి ఫార్మాట్ చేయనా అంటుంది. రిమోట్ మీ చేతిలో ఉంచుకోండి.

ఇంట్లో ఇంకో మనిషిని కూడా అడగాలి. ఏ ఫొటోలు చుట్టాల గ్రూపులోకి వెళ్లాలి, ఏవి వెళ్లకూడదు అన్నది పిల్లనే కూర్చోబెట్టుకుని తేల్చండి. పసుపు ముఖంతో, తడి జుట్టుతో ఉన్నవి ఆ వయసు పిల్లలకి పదిమందిలో పెట్టడం ఇష్టం ఉండదు.

కెమెరా పారేయకండి. దాని లెన్సుకి, కార్డుకి ఏ రోగమూ లేదు. ఆన్ చేసినప్పుడల్లా తేదీ సరిగా పెట్టుకుంటే చాలు. ఆ స్పీకర్ కేబుల్‌కి మాత్రం ఒక చీటీ అంటించి "చార్జింగ్‌కే" అని రాసి పెట్టండి, లేకపోతే వచ్చే పండక్కి మళ్లీ దాన్నే తీస్తారు. వేడుకలో మీరున్న ఆ తల లేని ఫొటోకి నా దగ్గర మందు లేదు.